అనుమానమా? విచారణయా?

చదువవలసిన భాగము: యెహోషువ 22:10–34

యొర్దాను దగ్గర కట్టబడిన బలిపీఠమును గూర్చి విని, ఇశ్రాయేలీయులు యుద్ధమునకు కూడిరి. అయినను ముందుగా ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించిరి. అది సాక్ష్యార్థమైనదని తెలిసి సంతోషించిరి.

సంఘములోనికి క్రొత్తగా వచ్చిన యౌవనస్థురాలొకతె తాను నర్సింగు విద్యార్థినినని చెప్పుకొనగా, అది అబద్ధమని మనకు తోచవచ్చును. పదిమందితో గుసగుసలాడక, మొదట ఆమెనే ఏకాంతముగా అడుగుదము. సీటు రాలేదన్న సిగ్గే ఆమెచేత అట్లు పలికించియుండవచ్చును. లేక మన అనుమానమే తప్పు కావచ్చును.

అయితే ఆమె ఇంటింట సూదిమందు వేయుచున్నను, ఫీజునకని చందా అడిగినను ఊరకుండుట ప్రేమ కాదు. ఏ కళాశాలయో కనుగొని అచ్చట విచారింపవలెను. గుర్తింపుగల కళాశాలల పేర్లు నర్సింగు కౌన్సిలు జాబితాలో దొరకును. రోగి ప్రాణము ఆమె పరువుకంటె విలువైనది.

ఆలోచించుడి: నేను అనుమానించినవారిని అడిగితినా, లేక ఊరికి చాటితినా?