ఊరి చేతిపనికి వెబ్‌సైటు: కట్టుటకు ముందు ఆలోచింపవలసినవి

శ్రీకాళహస్తి కలంకారీ పేరు వినని వారు మన జిల్లాలలో అరుదు. ఒక దశలో క్షీణించిన ఈ కళకు, 1950 దశాబ్దపు చివరి సంవత్సరములలో శ్రీమతి కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో ఏర్పడిన శిక్షణ కేంద్రము తిరిగి ప్రాణము పోసినది. తరువాతి కాలమున దీనికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది.

నూలు వస్త్రమును కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో తడిపి ఆరవేయుదురు. బెల్లమును, తుప్పు పట్టిన ఇనుమును నీటిలో నానవేసి తీసిన ద్రవముతో వెదురు కలము పట్టి గీయగా, కరక్కాయ గుణముచేత గీత నల్లబడును. తరువాత పటిక, రంగులు, పలుమార్లు ఉతుకుట. బొమ్మ నిండుగా గల చీరకు వారముల కొలది శ్రమ పట్టును.

అదే బొమ్మను యంత్రముపై అచ్చువేసినచో కొద్ది కాలములోనే అనేక చీరలు తయారగును. ఫోనులోని చిన్న చిత్రములో రెండును ఒక్కరీతిగనే కనిపించును. ధరలో మాత్రము ఎంతో తేడా. కారణమెరుగని కొనుగోలుదారు చౌకదానినే ఎన్నుకొనును. నష్టము కలము పట్టిన చేతిది. ఈ భేదమును దూరమున ఉన్నవారికి తెలియజేయుటయే వెబ్‌సైటు చేయవలసిన మొదటి పని.

ఒక గ్రామమున పదిమంది స్త్రీల సంఘము ఈ పని చేయుచున్నదనుకొందము. వారు వెబ్‌సైటు పెట్టదలచినచో, ఎవరికైనను డబ్బు చెల్లించుటకు ముందు ఒక కాగితముపై ఈ విషయములను వ్రాసికొనవలెను.

ఎవరి కొరకు? తిరుమల యాత్రకు వచ్చి, ఈ వస్త్రమును చూచి, బెంగుళూరుకో చెన్నపట్టణమునకో తిరిగి వెళ్లిన కుటుంబము కొరకా? ఒకేసారి ఏబది దుపట్టాలు కోరు వ్యాపారి కొరకా? మొదటివారికి ఒక్కొక్క వస్త్రము ధర కావలెను. రెండవవారికి ఎన్ని, ఎన్నాళ్లలో ఇవ్వగలరో తెలియవలెను. ముఖ్యులెవరో నిర్ణయించినగాని వెబ్‌సైటు రూపము తేలదు.

ఏమి ఉండవలెను? ఆరంభమున నాలుగు పుటలు చాలును: మీరెవరు, ఏమి చేయుదురు అని చెప్పు మొదటి పుట; వస్తువులు, ధరలు; పని విధానము; చిరునామా, రవాణా, తిరిగి తీసికొను నిబంధనలు. వచ్చినవాడు ధర కొరకు వెదకవలసిన అగత్యము ఉండరాదు.

చిత్రములు. ఎండ పొడ నేరుగా పడని పగటి వెలుతురులో తీయుడు. వస్త్రమంతయు ఒకటి, గీత స్పష్టముగా తెలియునట్లు దగ్గరనుండి ఒకటి, కలము పట్టిన చేయి ఒకటి. ఫోనుతో తీసిన చిత్రమును పరిమాణము తగ్గించి ఉంచవలెను. లేనిచో పుట తెరచుకొనుటకే ఆలస్యమై చూచువాడు వెడలిపోవును. ఎక్కువమంది ఫోనులోనే చూతురు గనుక, ఫోనులో సరిగా ఉన్నదో లేదో ముందు పరీక్షింపుడు.

మాటలు. నిజమే వ్రాయుడు. సహజ రంగులలో స్వల్ప భేదము వచ్చునని, చల్లని నీట ఉతికి నీడన ఆరవేయవలెనని ముందే చెప్పుడు. అచ్చు వస్త్రము కూడ అమ్మినచో, అది అచ్చు అని స్పష్టముగా తెలుపుడు. ఒక్క అబద్ధము బయటపడినచో అసలు పనిని కూడ ఎవరును నమ్మరు.

పేరు ఎవరిది? వెబ్‌సైటు పేరును సంఘము పేరనే నమోదు చేయింపుడు. కట్టి ఇచ్చినవాని పేరున ఉన్నచో, అతనితో పొరపొచ్చము వచ్చిన నాడు అంగడియే చేజారును. నమోదుకు గడువు కలదు. రుసుము చెల్లింపక గడువు దాటినచో పేరు పరులపాలు కావచ్చును. ఆ తేదీని, పాస్‌వర్డును సంఘములో ఇద్దరైనను ఎరిగియుండవలెను.

డబ్బు, జవాబు. యూపీఐ ద్వారా డబ్బు తీసికొనువారు పిన్ నంబరు నొక్కవలసిన పనియే లేదు. నొక్కుమనువాడు మోసగాడని సభ్యులందరికి బోధింపుడు. ఆన్‌లైన్ అమ్మకములకు 2020 సంవత్సరపు వినియోగదారుల రక్షణ నియమములు కలవు. వాని ప్రకారము ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలోగా పరిష్కరింపవలెను. కావున ప్రతిదినము ఉత్తరములు చూచి బదులిచ్చు బాధ్యత ఒకరికి అప్పగింపుడు. బదులు లేని వెబ్‌సైటు తలుపు మూసిన అంగడి వంటిదే.

పంచాయతీ స్వయముగా వ్యాపారము చేయనక్కరలేదు. ఇంటర్నెట్టు గల ఒక గది చూపుట, చదువుకొనిన యువతీయువకులను సంఘమునకు పరిచయము చేయుట, కట్టి ఇచ్చువానితో ఒప్పందము వ్రాతపూర్వకముగా జరుగునట్లు చూచుట చాలును. మాధవమాల కొయ్యబొమ్మలకు, పలమనేరు మట్టిబొమ్మలకు సైతము ఈ పద్ధతియే వర్తించును. రాబోవు సమావేశమున మీ గ్రామములోని చేతిపనివారిని పిలిచి, పైన చెప్పిన కాగితమును వారితో కలిసి వ్రాయుడని కోరుచున్నాము. వారి పనికి తగిన వెల, చేసినవారి పేరు రెండును దక్కుటకు అదియే తొలి మెట్టు.