చేతికుట్టు తోలు వస్తువులు: పని నేర్చుకోవడం, ధర కట్టడం

పర్సు, బెల్టు, కార్డు హోల్డరు, నోటుపుస్తకం అట్ట. తోలు పనిని అభిరుచిగా చేపట్టేవారు మొదట చేసేవి ఎక్కువగా ఇవే. చదువుకుంటూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో ఇంట్లో ఒక బల్ల మీద చేసుకోవచ్చు, కుట్టు మిషను కూడా అక్కర్లేదు. అయితే అభిరుచి నుంచి ఆదాయం రావాలంటే కుట్టడంతో పాటు ధర కట్టడం కూడా రావాలి. కుట్టు కొన్ని నెలల సాధనతో చేతికి వస్తుంది. ధర సంగతి పట్టించుకోక చాలామంది మంచి పనివాళ్లు నష్టానికి అమ్ముకుంటున్నారు.

ముందు తోలు గురించి. బజారులో దొరికేది ప్రధానంగా రెండు రకాలు. చెట్ల బెరడు, కాయల్లోని టానిన్లతో శుద్ధి చేసినదాన్ని వెజ్ ట్యాన్ అంటారు. ఇది బిగువుగా ఉంటుంది. అంచు రుద్దితే మెరుస్తుంది, తడిపి అచ్చు కొడితే అక్షరం నిలుస్తుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. చేతికుట్టు నేర్చుకునేవారికి ఇదే అనువు. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా ఉండి బ్యాగులకు, జాకెట్లకు నప్పుతుంది. దాని అంచు రుద్దినా మెరవదు కాబట్టి మడిచి కుట్టాలి, లేదా రంగు పూయాలి.

తెలుగు పల్లెల్లో మాదిగ కుటుంబాలు లందల్లో, అంటే తోలు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోలు మొదటి రకానికి చెందినదే. ఊరికి చెప్పులు, బావికి మోట బొక్కెనలు ఇచ్చిన ఆ చేతులకు ఊరు తిరిగి ఇచ్చింది అంటరానితనం. ఇవాళ ఈ పని సరదాగా నేర్చుకునేవారు ఆ చరిత్ర తెలుసుకునే మొదలుపెట్టాలి. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే ఆరె (తోలుకు రంధ్రం పొడిచే పనిముట్టు) పట్టే తీరు, రంపెతో తోలు పలచన చేసే ఒడుపు ఏ వీడియోలో కన్నా బాగా తెలుస్తాయి. ఆ పాఠానికి ఫీజు ఇవ్వడం న్యాయం.

తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. చెన్నైలోని పెరియమేట్ దక్షిణాదిలో పేరున్న తోలు బజారు. కొనేటప్పుడు మందం చూడాలి. పర్సు లోపలి అరలకు 1 మి.మీ. లేదా అంతకన్నా పలచన, పైభాగానికి 1.2 నుంచి 1.5 మి.మీ., బెల్టుకు 3 నుంచి 4 మి.మీ. సరిపోతుంది. పొట్ట వైపు తోలు సాగుతుంది. బెల్టు పట్టీని వెన్ను భాగం నుంచే కోయాలి.

చేతికుట్టుకు ప్రాణం శాడిల్ స్టిచ్. ఒకే దారం, రెండు కొసలకూ మొద్దుమొన సూదులు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటుతాయి. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానికొకటి చిక్కుకుని ఉంటాయి కనుక ఒకచోట తెగితే వరసగా ఊడే ప్రమాదముంది. శాడిల్ స్టిచ్‌లో ఒక కుట్టు తెగినా రెండో వైపు దారం పట్టి ఉంచుతుంది. కొనేవారికి ఈ తేడా చూపించి చెప్పగలిగితే ధర అడగడానికి మొహమాటం ఉండదు. కుట్టడానికి పట్టే సమయాన్ని మాత్రం తక్కువగా అంచనా వేయకూడదు. 110 సెం.మీ. బెల్టుకు రెండు అంచులా 4 మి.మీ. దూరంలో కుడితే సుమారు 550 కుట్లు పడతాయి.

కొలతలు వాడేవారి జేబును బట్టి ఉండాలి. విదేశీ నమూనాలను దింపుకుని కుట్టిన పర్సులో మన నోటు ఇమడకపోవచ్చు. ఇప్పటి 500 నోటు 150 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు. ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ. కార్డు అరకు రెండు కుట్టు గీతల మధ్య దాదాపు 90 మి.మీ. వదిలితే కార్డు సులువుగా జారుతుంది. ముందు అట్టముక్కతో నమూనా చేసి, నోటూ కార్డూ పెట్టి చూశాకే తోలు మీద కత్తి పెట్టాలి.

ఇక ధర. "తోలుకు రెండు వందలయింది, నాలుగు వందలకు అమ్ముదాం" అనే లెక్కలో పనిగంటలు లేవు. ఒక మడత పర్సునే తీసుకుంటే, ముక్కలన్నీ కలిపి ముప్పావు చదరపు అడుగు దాటవు. కానీ మచ్చలు, వంకర అంచులు పోగా 1.25 చదరపు అడుగుల తోలు ఖర్చవుతుంది. అడుగు 200 రూపాయలనుకుంటే తోలు 250. దారం, జిగురు, మైనం, అంచు రంగు 40. పెట్టె 40. పనిముట్ల అరుగుదల, కరెంటు 50. కోత, కుట్టు, అంచుల నునుపు కలిపి 5 గంటలు, గంటకు 120 చొప్పున 600. మొత్తం 980 రూపాయలు. చెడిపోయే ముక్కలకు, రేపటి పెట్టుబడికి 20 శాతం కలిపితే 1,176. అంటే 1,180 కన్నా తగ్గకూడదు.

ఆన్‌లైన్‌లో అమ్మితే కమీషన్ లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. కమీషన్ 15 శాతమైతే 1,180కి 15 శాతం కలిపి 1,357 అని పెట్టేస్తారు. కమీషన్ కోసేది 1,357 మీద కాబట్టి చేతికి వచ్చేది 1,153 మాత్రమే. సరైన పద్ధతి 1,180ని 0.85తో భాగించడం. అప్పుడు ధర 1,388 అవుతుంది.

నేర్చుకునే దశలో అదే పర్సుకు 10 గంటలు పట్టవచ్చు. ఆ అదనపు సమయాన్ని కొనేవారి మీద వేయడం తగదు, అది శిక్షణ ఖర్చు. అలాగని పూర్తిగా కూలి మానేసి తోలు ధరకే అమ్మడం అంతకన్నా తప్పు. ఇంట్లో వేరే ఆదాయం ఉన్నవారు అలా అమ్మితే, ఇదే పనితో బతికే కుటుంబాలు అడిగే న్యాయమైన ధర కూడా జనానికి ఎక్కువగా కనిపిస్తుంది. తొలి వస్తువులు బంధుమిత్రులకు కానుకగా ఇవ్వడం, చేయి కుదిరాక పూర్తి ధరకు అమ్మడం మేలైన దారి.

ఆర్డరు మీద చేసే వస్తువుకు కొత్త నమూనా గీసే గంటలు కూడా ధరలో చేరాలి. సగం అడ్వాన్సు తీసుకోవాలి. పేరు అచ్చువేసిన వస్తువు ఇంకొకరికి అమ్ముడుపోదు, అందుకే దాన్ని వాపసు తీసుకోబోమని ముందే చెప్పాలి. అక్షరాలు రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి. బెల్టుకు ప్యాంటు సైజు అడిగితే సరిపోదు. వాడుతున్న బెల్టులో బకిల్ మొదలు నుంచి రోజూ పెట్టుకునే రంధ్రం దాకా కొలత కావాలి. ఏ జంతువు తోలో, ఎలా శుద్ధి అయిందో ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఈ పనిని వృత్తిగా పెంచుకోదలచినవారికి చదువులున్నాయి. ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీడిజైన్‌కు ఆ సంస్థే ప్రవేశ పరీక్ష పెడుతుంది. తోలు శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే చెన్నైలో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ పనిచేస్తోంది. చదువుతో పని లేకుండా చూడదగింది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలే అక్కడ అదే మేక తోలుతో, అవే రంగులతో ల్యాంపు షేడ్లు చేసి అమ్ముతున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పాత పనితనాన్ని నేటి ఇంటికి కావలసిన వస్తువుగా మలచడం ఎలాగో అక్కడి వాకిళ్లలో కూర్చుని నేర్చుకోవచ్చు.