గెలుపోటముల నడుమ క్రైస్తవ ప్రేక్షకుడు



రాత్రి ఎనిమిది గంటల వేళ. ఇంటిల్లిపాదీ మోకరిల్లి జపమాల చెప్పుకొంటున్నారు. నాలుగవ దేవరహస్యం నడుస్తోంది. ఇంతలో పక్కింటి నుండి పెద్ద కేక! సిక్సరా? వికెట్టా? ఇంటి యజమాని పెదవులు మంగళవార్త జపాన్నే పలుకుతున్నాయి గాని, చెవులు మాత్రం గోడ దాటిపోయాయి. ఆ యజమాని మరెవరో కాదు, ఈ వ్యాసం వ్రాస్తున్న నేనే.

చిన్ననాటి నుండి నాకు క్రికెట్టంటే ప్రాణం. రేడియోకు చెవి ఆనించి వ్యాఖ్యానం విన్నవాడిని. కనుక ఆటలు చూడడం పాపమని చెప్పడానికి నేను కలం పట్టలేదు. నా ప్రశ్న వేరు. మైదానంలో ఆటగాడికి నియమాలున్నాయి, తప్పు చేస్తే చెప్పడానికి అంపైరున్నాడు. మరి చూసేవాడికి ఏ నియమమూ లేదా? అతని హృదయాన్ని అడిగేవారెవరూ లేరా?

ఆట దేవుని వరమే

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయం, 24 నుండి 27 వచనాలు చదవండి. పరుగు పందెం, ముష్టియుద్ధం, విజేతకు దక్కే కిరీటం, అన్నీ అందులో కనిపిస్తాయి. కొరింతు పట్టణానికి దగ్గరలోనే రెండేళ్ళకొకసారి గొప్ప క్రీడా పోటీలు జరిగేవి. పౌలుగారు ఆ ఆటలను తిట్టలేదు. వాటిలోని క్రమశిక్షణను చూపి, వాడిపోయే కిరీటం కోసమే వారంత శ్రమిస్తుంటే వాడిపోని కిరీటం కోసం మనమెంత శ్రమించాలో ఆలోచించమన్నారు.

పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు బాల్యంలో పోలండులోని తమ ఊరు వాడోవిట్సెలో ఫుట్‌బాల్ గోల్‌కీపరుగా ఆడారు. 2000 జూబిలీ సంవత్సరంలో, అక్టోబరు 29 ఆదివారం నాడు, రోము ఒలింపిక్ స్టేడియంలో క్రీడాకారుల కోసం దివ్యబలిపూజ అర్పించి, తరువాత అక్కడే ఆటను కూడా తిలకించారు. ముందు పూజ, తరువాత ఆట. ఈ వరుసను మన ఇళ్ళలో గుర్తుంచుకుంటే చాలు, సగం చిక్కులు తీరిపోతాయి.

అలిపియుసు కళ్ళు తెరిచిన క్షణం

పునీత అగస్తీనువారు తమ ఆత్మకథ ఆరవ భాగంలో తన స్నేహితుడు అలిపియుసు గురించి చెప్పారు. ఇతడు రోములో న్యాయశాస్త్రం చదివే యువకుడు. మనుషులు మనుషులను చంపుకొనే గ్లాడియేటరు పోటీలంటే అతనికి అసహ్యం. ఒకరోజు మిత్రులు అతణ్ణి బలవంతంగా అక్కడికి లాక్కుపోయారు. ‘నా శరీరాన్ని తీసుకుపోగలరు గాని, నా మనసును తీసుకుపోలేరు’ అన్న ధీమాతో వెళ్ళి, కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఒక యోధుడు పడిపోగానే జనమంతా ఒక్కసారిగా అరిచారు. కుతూహలం ఆపుకోలేక అతడు కళ్ళు తెరిచాడు. అంతే! చూశాడు, అరిచాడు, ఉద్రేకంతో ఊగిపోయాడు. ఆ పైన ఇతరులను కూడా వెంటబెట్టుకొని వెళ్ళసాగాడు. కింద పడిన యోధుని శరీరానికి తగిలిన గాయం కంటే అలిపియుసు ఆత్మకు తగిలిన గాయమే పెద్దదని అగస్తీనువారు బాధపడ్డారు.

ఇదే అలిపియుసు తరువాత మారుమనస్సు పొంది, తగాస్తె పట్టణానికి మేత్రాణులయ్యారు. కనుక ప్రేక్షకునికి కూడా రక్షణ ఉంది! అయితే గమనించండి, అతణ్ణి పడగొట్టింది చూపు కంటే ముందు గుంపు కేక. ఒంటరిగా ఉన్నప్పుడు మనం అనని మాటలను గుంపులో ఉన్నప్పుడు సులువుగా అనేస్తాం.

కలకత్తా మంటలు

1996 మార్చి 13, బుధవారం. తపస్కాలం. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్. శ్రీలంక చేసిన 251 పరుగులకు జవాబుగా మనవాళ్ళు ఒక దశలో ఒకే వికెట్టుకు 98. టెండూల్కర్ అవుటయ్యాక వికెట్లు వరుసగా కూలి, 8 వికెట్లకు 120. అంతవరకు జేజేలు పలికిన నోళ్ళే బూతులు పలికాయి. మైదానంలోకి సీసాలు వచ్చిపడ్డాయి. గ్యాలరీలలో మంటలు లేచాయి. చివరకు మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట నిలిపివేసి శ్రీలంక గెలిచినట్లు ప్రకటించారు. వినోద్ కాంబ్లీ కన్నీళ్ళతో మైదానం వీడారు.

మట్టల ఆదివారం నాడు హోసన్నా పాడిన యెరూషలేములోనే శుక్రవారం నాడు సిలువ వేయమన్న కేకలు వినిపించాయి. గుంపు హృదయం ఎంత త్వరగా తిరగబడుతుందో మన విశ్వాసం మనకు ఏటేటా గుర్తు చేస్తూనే ఉంది.

నేను పంపిన సందేశం

కలకత్తా వారిని తప్పుపట్టి చేతులు కడుక్కోవడం తేలిక. 2022 సెప్టెంబరు 4 రాత్రి, దుబాయిలో పాకిస్తానుతో ఆడిన ఆసియా కప్ ఆటలో 23 ఏళ్ళ అర్ష్‌దీప్ సింగ్ ఒక తేలికైన క్యాచ్ జారవిడిచాడు. మనం ఓడిపోయాం. ఆ యువకుణ్ణి ద్రోహి అని కూడా నిందించారు. అంత మాట నేను అనలేదు గాని, అతణ్ణి ఎగతాళి చేసే సందేశమొకటి నా ఫోనుకు వస్తే నవ్వుకొని మరో పదిమందికి పంపాను.

కొద్ది వారాలకే మా విచారణ పండుగ వచ్చింది. యువకులకు క్రికెట్ పోటీ పెట్టారు. చివరి ఓవరులో క్యాచ్ మా చిన్నవాడి చేతుల్లోకి వచ్చి జారిపోయింది. ప్రతి ఆదివారం మాతో కలిసి సత్ప్రసాదం స్వీకరించే వారే ఈలలు వేశారు, పేరు పెట్టి వెక్కిరించారు. వాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. “అమ్మా, పట్టాలనే కదా పరుగెత్తాను” అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. దుబాయిలో ఆ యువకుడు కూడా పట్టాలనే కదా చేతులు చాచాడు? అతనికీ ఒక తల్లి ఉంది కదా? ఆ శనివారం పాపసంకీర్తనంలో సందేశం సంగతి చెప్పుకొన్నాను. ఇది కూడా చెప్పాలా అని సందేహిస్తూనే చెప్పాను. గురువులు నవ్వలేదు. ఆ ఆటగాని కోసం ఒక జపమాల చెప్పమని ప్రాయశ్చిత్తంగా విధించారు. సహోదరుణ్ణి అవమానించే మాటను ప్రభువు ఎంత తీవ్రంగా ఖండించారో మత్తయి సువిశేషం 5:22లో చూడండి. ఆ సహోదరుడు టీవీ తెరమీద కనిపించినంత మాత్రాన సహోదరుడు కాకుండా పోడు.

2021 జనవరిలో సిడ్నీ ప్రేక్షకులు కొందరు మన హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు మహమ్మద్ సిరాజ్‌ను దూషించినప్పుడు మనమంతా బాధపడ్డాం. తండ్రిని పోగొట్టుకొని అప్పటికి రెండు నెలలైనా కాలేదతనికి. మనవాడికి తగిలితే నొప్పి, మనం కొడితే వినోదమా?

ఆదివారం ఎవరిది?

2023 నవంబరు 19 ఆదివారం. ఉదయం పూజలో తలాంతుల ఉపమానం విన్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు అహ్మదాబాదులో ప్రపంచ కప్ ఫైనల్ మొదలైంది. ఆ రోజే శ్రీసభ ప్రపంచ పేదల దినోత్సవం జరుపుకొంది. ఆట చూడవద్దని ఎవరూ అనలేదు. కాని మన వీధిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మ తలుపు ఆ రోజు తట్టినవారెందరు? ఆస్ట్రేలియా గెలిచాక ఆ రాత్రి భోజనాల దగ్గర ముఖాలు మాడ్చుకొని, పిల్లలమీద విసుక్కున్న ఇళ్ళెన్ని? ఆట ముగిశాక కూడా కోపం ముగియకపోతే, వినోదం విగ్రహంగా మారుతోందని గ్రహించాలి. క్రీడా విజయాన్ని విగ్రహంగా చేసుకోవద్దని సత్యోపదేశ గ్రంథం 2289వ పేరా హెచ్చరిస్తోంది.

పందేల సంగతి కూడా ఒక మాట. తనకు, తనవారికి అవసరమైన దానిని పోగొట్టే పందెం నైతికంగా తగదనీ, జూద వ్యామోహం మనిషిని బానిసను చేస్తుందనీ అదే గ్రంథం 2413వ పేరా చెబుతోంది. పిల్లల ఫీజు డబ్బు ఆటమీద పెట్టినవాడు ఆటను ప్రేమించేవాడు కాదు.

ఇంటిలో పాటించదగినవి

1. జపమాల వేళను ముందే నిర్ణయించుకోండి. ఆట కోసం గంట ముందుకు జరపవచ్చు గాని, మానవద్దు.

2. తప్పు చేసిన ఆటగాణ్ణి మీ కొడుకు అనుకొని మాట్లాడండి. ఎదుటి జట్టు బాగా ఆడితే పిల్లల ముందే చప్పట్లు కొట్టండి.

3. ఎగతాళి సందేశం వస్తే మీ దగ్గరే ఆపేయండి.

4. ఓడిన రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండు జట్లనూ దేవునికి అప్పగించండి.

చివరిగా ఒక మాట. హెబ్రీయులకు వ్రాసిన లేఖ 12:1 ప్రకారం మనం కూడా ఒక పరుగు పందెంలో ఉన్నాం. మేఘంలా సాక్షి సమూహం మన చుట్టూ ఉంది. అంటే మన ఆటను చూసేవారున్నారు! మరియమాత, పునీతులు, మనకంటే ముందు వెళ్ళిన మన పెద్దలు. మనం ఎన్ని క్యాచ్‌లు జారవిడిచామో వారికి తెలుసు. అయినా ఆ గ్యాలరీ నుండి ఒక్క సీసా కూడా మనమీదికి రాలేదు. మనకోసం ప్రార్థనలే వస్తున్నాయి. మనం కూడా అటువంటి ప్రేక్షకులం కావడానికి ప్రభువు మనకు కృప అనుగ్రహించుగాక. ఆమెన్.