క్యాజువాలిటీలో పొరపాటు జరిగితే: రోగి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు

ఈ నెల ఆరోగ్య పాఠంలో జబ్బు గురించి కాక, వైద్యం చేసే చోట జరిగే తప్పు గురించి రాస్తున్నాము. ఒక ఆసుపత్రి ఇలాంటి విషయం తన పత్రికలో రాసుకోవడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. రాయకపోవడమే తప్పని మాకు అనిపించింది.

కొల్లేటి పక్క గ్రామం నుండి ఒక సహోదరి భర్త కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మా ఓ.పి.కి వచ్చింది. అర్ధరాత్రి ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి చెమటలు పట్టాయి. దగ్గరలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళితే గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపారట. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. "డాక్టరుగారూ, అది గుండెపోటేనా? అప్పుడే ఉంచుకుని చూసుంటే బతికేవారా?" అని ఆమె అడిగింది. కవరులో ఇ.సి.జి. కాగితం ఉంది గాని దాని మీద గీతలు లేవు. అది వేడికి అచ్చయ్యే రకం కాగితం, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడిపోతుంది. పోస్టుమార్టం జరగలేదు. ఆమె వచ్చేసరికి నాలుగో సంవత్సరం నడుస్తోంది. మేము ఆమెకు జవాబు చెప్పలేకపోయాము. ఆమె తప్పేమీ లేదు, సమయానికి చెప్పినవారు లేరు, అంతే.

ముందుగా ఒక మాట. రోగి చనిపోయినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్లు కాదు. క్యాజువాలిటీకి రోగి వచ్చినప్పుడు పాత చరిత్ర తెలియదు, నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాలి. అదే పరిస్థితిలో మామూలు నైపుణ్యం గల మరో డాక్టరు తీసుకునే జాగ్రత్త ఈయన తీసుకున్నాడా లేదా అన్నదే చట్టం చూస్తుంది. ఛాతీ నొప్పి అన్నవారికి ఇ.సి.జి. తీయకుండా పంపడం, పాము కరిచిందని చెప్పినా కాసేపైనా ఉంచి గమనించకపోవడం, ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి చేయడం వేరు. అన్నీ చేసినా ప్రాణం దక్కకపోవడం వేరు.

మన తెలుగువారి కేసు ఒకటి ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపింది. 2002 జూలైలో హైదరాబాదులో మలేరియా శాఖలో పనిచేసే వి. కిషన్ రావుగారు, చలితో కూడిన జ్వరం వచ్చిన తన భార్యను నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌లో చేర్చారు. టైఫాయిడ్ అని వైద్యం చేశారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించి యశోదా ఆసుపత్రికి మార్చేసరికి ఆమెకు నాడి, బి.పి. అందలేదు. ఆమె అక్కడే మరణించారు. ఆయన జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. ఫోరం రెండో ఆసుపత్రి కేసు షీటు తెప్పించి చూస్తే రక్తంలో మలేరియా క్రిములు ఉన్నాయి, టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష నెగటివ్. క్యాజువాలిటీలో ఆమెను చూసిన డాక్టరుగారు కూడా ప్రమాణ పత్రం ఇచ్చారు. ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం, 10 వేల ఖర్చుల వాపసు ఇవ్వమంది. నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు ఆ తీర్పును కొట్టివేస్తే, 2010 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. తప్పు కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుణ్ణి తెమ్మని పేదవాణ్ణి అడగనక్కరలేదని చెప్పింది. ఎనిమిదేళ్ల ఆ పోరాటాన్ని నిలబెట్టింది ముఖ్యంగా ఒక కేసు షీటు.

ఇంకొకటి మనలాంటి మిషను ఆసుపత్రిలోనే జరిగింది. 1995 ఫిబ్రవరిలో లూథియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఊపిరాడని రోగికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉందని, ఇంకొకటి తెచ్చి బిగించేలోగా ఆయన చనిపోయారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. అదే జేకబ్ మాథ్యూ కేసు. 2005లో సుప్రీంకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టివేసింది. డాక్టరును జైలుకు పంపాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, పోలీసులు ముందుగా సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. సిలిండర్ లేనందుకు ఆసుపత్రి నష్టపరిహారం ఇవ్వాలా అన్నది మాత్రం వేరే సంగతి అని విడిచిపెట్టింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టరైన డాక్టరుకు రెండేళ్ల వరకు శిక్ష అని 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ చెబుతోంది. అయినా చాలా కుటుంబాలకు పోలీసు స్టేషన్ కన్నా వినియోగదారుల కమిషన్ సరైన చోటు అని మా అభిప్రాయం.

అసలు చేర్చుకోకుండా గేటు దగ్గరే పంపివేస్తే? ప్రమాదంలో గాయపడినవారికి ముందు వైద్యం, తరువాతే పోలీసు కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరికీ చెప్పింది. హైవే మీద దెబ్బ తగిలినవారిని తెచ్చిన వారికి "ఎం.ఎల్.సి. కేసు, మేము తీసుకోము" అనే మాట వినబడితే ఆ మాట చెల్లదు.

డబ్బు కట్టించుకునే ఆసుపత్రి వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో శాంత కేసులో తీర్పు వచ్చింది. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగికి కూడా ఆ హక్కు ఉంది. అంటే మాకూ అది వర్తిస్తుంది. బిల్లు బీమా కంపెనీ కట్టినా అంతే. పూర్తిగా ఉచితమైన ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం ఆ కమిషన్ పరిధిలోకి రాదు, అక్కడ జరిగిన నష్టానికి సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. నర్సు చేసిన పొరపాటుకు ఆసుపత్రే బాధ్యత వహించాలని 1998లో ఒక పసివాడి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లిదండ్రుల మనోవేదనకు కూడా వేరుగా పరిహారం ఇప్పించింది.

ఇక కాగితాల సంగతి. ఇది కాస్త ఓపికగా చదవండి. వార్డులో చేర్చుకున్న రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, అడిగిన 72 గంటల్లో నకలు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నోటితో కాదు, తెల్లకాగితం మీద తేదీ వేసి అడగండి, రెండో ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి. క్యాజువాలిటీలో చూసి ఇంటికి పంపేసిన రోగి వార్డులో చేరలేదు గనుక, మీ చేతికిచ్చిన ఓ.పి. చీటీ, మందుల బిల్లు, ఇ.సి.జి. ఇవే మీ సాక్ష్యం. ఇ.సి.జి.ని అదే వారంలో జిరాక్సు తీయించండి, ఫోను ఉంటే ఫొటో తీసి ఉంచండి. ఎన్ని గంటలకు వెళ్లారు, ఎవరు చూశారు, ఏమన్నారు అన్నది మరచిపోకముందే ఇంట్లో చదువుకున్నవారి చేత రాయించండి.

మరణం మీద అనుమానం ఉంటే సమాధి చేయకముందే చెప్పాలి. శవాన్ని కోయించడం ఏ కుటుంబానికైనా బరువే, మేము తేలికగా చెప్పడం లేదు. కాని పోస్టుమార్టం లేకపోతే మరణ కారణం రుజువు చేయడం చాలా కష్టం.

మన ఉమ్మడి జిల్లా వినియోగదారుల కమిషన్ ఏలూరులో ఉంది. 2019 చట్టం ప్రకారం వైద్యం ఎక్కడ జరిగినా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షలలోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ క్షమించవచ్చు, కాని దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఇంటర్నెట్ తెలిసినవారు ఇ-జాగృతి ద్వారా కూడా వేయవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోవద్దు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి, వికలాంగులకు, కార్మికులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేసి అడగవచ్చు. ఆసుపత్రి సేవల తగాదాలను శాశ్వత లోక్ అదాలత్ కూడా ఫీజు లేకుండా విచారిస్తుంది, అయితే కోర్టుకు వెళ్లకముందే అక్కడికి వెళ్లాలి. పరిహారం అక్కరలేదు, ఆ డాక్టరు మీద చర్య కావాలి అనుకుంటే రాష్ట్ర వైద్య మండలికి రాయాలి.

అద్దాలు పగలగొట్టడం, సిస్టర్ల మీద చేయి చేసుకోవడం మాత్రం వద్దు. 2008 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు. నిజమైన ఫిర్యాదు ఉన్నవారే ముద్దాయిలై, అసలు తప్పు మరుగున పడిపోతుంది.

"కేసు వేస్తే క్షమించనట్లే గదా" అని ప్రార్థన కూడికల్లో మమ్మల్ని అడుగుతుంటారు. పౌలు రోమా పౌరుడిగా తన హక్కు వాడుకుని కైసరు ఎదుట విచారణ కోరాడు. క్షమించడానికైనా ముందు ఏమి జరిగిందో తెలియాలి. ఆ సహోదరికి కావలసింది డబ్బు కాదు, ఒక జవాబు. మత్తయి 18వ అధ్యాయంలోని వరుస ఇక్కడా మంచిదే. ముందుగా ఆ డాక్టరుగారినే కూర్చోబెట్టి అడగండి, తరువాత సూపరింటెండెంటుగారిని. చాలామంది డాక్టర్లు నేరుగా అడిగితే నేరుగానే చెబుతారు. మాట్లాడుతున్నామని రెండేళ్ల గడువు మాత్రం దాటనీయకండి.

మా ఆసుపత్రి క్యాజువాలిటీలో మీకు అలాంటిది జరిగిందని అనుకున్నా ఇదే పద్ధతి. ఫిర్యాదు కాగితం మీద రాసి సూపరింటెండెంటుగారి ఆఫీసులో ఇచ్చి, అందినట్లు సంతకం అడిగి తీసుకోండి.