రేడియో తరంగాలు – యంత్రాల తట్టుకొనే శక్తి

ఉర్దూలో ‘ఖువ్వతె ముదాఫియత్’ అనీ, తెలుగులో ‘రోగనిరోధకశక్తి’ అనీ వ్యవహరింపబడే ‘ఇమ్యూనిటీ’ అనే మాటను ఇంజనీర్లు యంత్రాలకు కూడా అన్వయించినారు. చుట్టూ రేడియో తరంగాలు వ్యాపించి ఉన్నప్పటికీ యంత్రం తన పని తాను తప్పక చేయగలగడమే దాని తాత్పర్యం. యంత్రానికి రోగమేమిటని మా సాహిత్య విద్యార్థులు నవ్వవచ్చును. కనుక మేము ఈ వ్యాసంలో ‘తట్టుకొనే శక్తి’ అనే తేట తెలుగు మాటనే వాడుచున్నాము.

మొదట సమస్య దీనికి తలక్రిందులుగా ఉండెడిది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు రేడియో ఉర్దూతో పాటు తెలుగులోనూ ప్రసారాలు చేసిన కాలంలో శ్రోతల బాధ అంతా గరగర శబ్దమే. మోటార్లు, వాహనాల ఇంజన్లు ఆ శబ్దానికి కారణములు. లోకమంతటా ఇదే ఫిర్యాదు. దీని కొరకే 1934లో ‘సిస్పర్’ అనే అంతర్జాతీయ సంఘం పని ప్రారంభించినది. అప్పుడు యంత్రం దోషి, రేడియో బాధితురాలు.

ట్రాన్సిస్టర్లు వచ్చిన పిదప పాత్రలు తారుమారైనవి. పరికరానికి తగిలించిన పొడవాటి తీగ, ఎవరూ కోరకుండానే, ఏరియల్ అగుచున్నది. అది పట్టిన తరంగాన్ని లోపలి అర్ధవాహకపు సంధి, పూర్వపు క్రిస్టల్ రేడియో వలెనే, ఏకముఖ విద్యుత్తుగా మార్చును. క్రిస్టల్ సెట్టులో అది పాట. ఉష్ణోగ్రతను కొలిచే పరికరంలో అది అబద్ధపు అంకె! గద్వాల సమీపంలోని జూరాల జలవిద్యుత్ కేంద్రం వంటి చోట్ల యంత్రాలను నడిపించేవి ఇటువంటి కొలతలే. నియంత్రణ గదిలో ఎవరైనా వాకీటాకీ మీట నొక్కితే ఏమగును? పరిశ్రమలను కలవరపెట్టిన ప్రశ్న ఇదియే.

అందుచేతనే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘంలో పారిశ్రామిక నియంత్రణ పరికరాల శాఖ 1984లో ‘801-3’ అనే ప్రమాణాన్ని వెలువరించినది. అందు మూడు స్థాయిలు కలవు: మీటరుకు 1, 3, 10 వోల్టులు. ఈ అంకెలు ఆకాశం నుండి ఊడిపడినవి కావు. ఆదర్శ ఏరియల్ విషయంలో, వాట్లలో చెప్పిన శక్తికి వర్గమూలం కనుగొని, 7తో గుణించి, మీటర్లలోని దూరంతో భాగించిన క్షేత్రబలం వచ్చును. 2 వాట్ల వాకీటాకీ ఒక మీటరు దూరంలో ఉన్నదనుకొందము. 2కు వర్గమూలం 1.41, దానిని 7తో గుణించిన 9.9. అదే 10! కిలోమీటరుకు పైబడిన దూరంలో ప్రసార కేంద్రం ఉన్న సామాన్య స్థలానికి 1 వోల్టు. చిన్న వాకీటాకీలను దగ్గరకు రానీయని చోటికి 3 వోల్టులు. అనగా స్థాయిని ఎన్నుకొన్నవాడు మనుషుల క్రమశిక్షణను కూడా ఊహించుచున్నాడన్న మాట. ఈ అంశం మాకు సాంకేతిక విషయం కంటె సామాజిక విషయంగానే తోచుచున్నది.

తరువాత ఈ ప్రమాణమే 1995లో ‘1000-4-3’గా రూపొందినది. పరీక్షా తరంగాన్ని 1000 హెర్ట్జుల స్వరంతో 80 శాతం మార్పు చేయవలెనన్నారు. అందువలన 3 వోల్టుల పరీక్షలో శిఖరస్థాయి 5.4కు చేరును. పరికరాలను మోసగించేది నిలకడ తరంగం కంటె మాటలను మోసే తరంగమేనని అనుభవం నేర్పినది.

వైద్య పరికరాల కథ మరింత గంభీరమైనది. 1993 నాటి ప్రమాణం వానికి 3 వోల్టులే విధించినది. 2014 నాటి సవరణలో ఆసుపత్రికి 3, ఇంటిలో వాడే పరికరానికి 10 వోల్టులు నిర్ణయించినారు. ఇంటికి ఎక్కువ ఎందుకని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆసుపత్రిలో ఫోను దూరంగా పెట్టుమని చెప్పువారుందురు, ఇంటిలో ఎవరు చెప్పుదురు? అదిగాక, ఫోను 30 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చుననే తలంపుతో కొన్ని పౌనఃపున్యాల వద్ద 28 వోల్టుల పరీక్షను ప్రత్యేకంగా చేర్చినారు. అక్కడ 7కు బదులు 6 గ్రహించినారు గాని లెక్క పాతదే. 2 వాట్ల ఫోనుకు సరిగా 28 వచ్చును.

ఇక 3 వోల్టులకు మాత్రమే పరీక్షింపబడిన పాత పరికరం మాట. అదే లెక్క ప్రకారం ఆ ఫోను దాదాపు 3 మీటర్ల దూరంలో ఉండవలెను. టవరు దగ్గరగా ఉంటే ఫోను స్వల్పశక్తితోనే పని చేయును గనుక భయం తక్కువ. నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అంచున, టవరు దూరమై సంకేతం సన్నగిల్లిన చోట, ఫోను తన శక్తినంతటినీ వినియోగించును. అక్కడ మంచం ప్రక్కన కూర్చున్న బంధువు జేబుకూ, రోగి తలాపున ఉన్న పరికరానికీ మధ్య మీటరు దూరమైనా ఉండదు.