ఇంట్లో ఫొటో ప్రింట్లు గిట్టుబాటేనా?

ప్రశ్న: అహోబిలంలో ఫోన్‌తో తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి. ప్రింటర్ కొని ఇంట్లోనే వేసుకుంటే చవకా? – ఒక పాఠకురాలు, ఆళ్లగడ్డ

జవాబు: ఏడాదికో ఆల్బమ్ కోసమైతే కొనకండమ్మా. అసలు ఖర్చు ప్రింటర్‌ది కాదు, ఇంకుది, గ్లాసీ పేపర్‌ది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. పైగా మన నంద్యాల ఎండలకు, వాడకుండా పెట్టిన ఇంక్‌జెట్ హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. ముఖాల మీద అడ్డంగా తెల్లచారలు పడతాయి. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ మళ్లీ ఇంకే ఖర్చు.

నంద్యాల వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి కలర్ ల్యాబ్‌లో ఇవ్వండి. 4×6 సైజుకు 1200×1800 పిక్సెళ్లు చాలు. వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే నాణ్యత తగ్గుతుంది.

పిల్లల ప్రాజెక్టులకు వారం వారం ప్రింటర్ వాడే ఇల్లయితే ఇంక్ ట్యాంక్ మోడల్ కొనుక్కోవచ్చు. అప్పుడైనా పెళ్లి ఫొటోలు ల్యాబ్‌కే ఇవ్వండి.