క్రిస్టియాన్ బర్నార్డ్: గుండె మార్పిడి సర్జన్, రచయిత

జననం: 1922 నవంబరు 8, బోఫర్ట్ వెస్ట్, దక్షిణాఫ్రికా.
ఘనత: ప్రపంచంలో మనిషి నుంచి మనిషికి తొలి గుండె మార్పిడి.
తేదీ: 1967 డిసెంబరు 3.
వేదిక: గ్రూట్ షూర్ ఆసుపత్రి, కేప్‌టౌన్.
దాత: డెనిస్ డార్వాల్.
గ్రహీత: లూయీ వాష్‌కాన్‌స్కీ. 18 రోజులు జీవించారు. మరణకారణం న్యుమోనియా.
బర్నార్డ్ చేసిన రెండో మార్పిడి గ్రహీత: ఫిలిప్ బ్లైబర్గ్ (1968 జనవరి 2). 19 నెలలు జీవించారు.
రచనలు: 'వన్ లైఫ్', 'ది సెకండ్ లైఫ్' (ఆత్మకథలు), 'ది అన్‌వాంటెడ్' (నవల, సహరచయిత సీగ్‌ఫ్రీడ్ స్టాండర్).
మరణం: 2001 సెప్టెంబరు 2, పాఫోస్, సైప్రస్.

భారత్‌లో: తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో. సారథి డాక్టర్ పి.వేణుగోపాల్, స్వస్థలం రాజమహేంద్రవరం.
చట్టం: మానవ అవయవాల మార్పిడి చట్టం, 1994.

తికమక పడొద్దు: తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954లో, బోస్టన్‌లో. చేసింది జోసెఫ్ ముర్రే, 1990లో నోబెల్. బర్నార్డ్‌కు నోబెల్ రాలేదు.

జతపరచండి ప్రశ్నలకు వైద్యుడు-అవయవం-సంవత్సరం-నగరం వరుసలో గుర్తుంచుకోండి.